కరువయ్య తప్పెంత

ఆత్మకూరు,
జూలై మొదటి వారం

ఒరేయ్ ప్రసాదూ,

వాట్సాప్‌లో నన్ను బ్లాక్ చేశావు. ఫోన్ చేస్తే ఎత్తవు. మీ ఇంటికి చేస్తే మీ అమ్మ, దేవకమ్మ అత్త, "మందతో కొండ కిందికి పోయినాడయ్యా, ఆడ సిగ్నల్ ఉండదు" అంటుంది. ఇక మిగిలింది పోస్టాఫీసే. కవరు మీద స్టాంపు ఏ మూల అతికించాలని అడిగితే కౌంటర్లో ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

నీ కోపం ఎందుకో నాకు తెలుసు. మా ఎరువుల కొట్టు పైగదిలో మూడేళ్లుగా మనిద్దరమే కూర్చుని తయారుచేసిన వీడియో ఆట ఇది. మీ నాయన కాలు విరిగి, గొర్రెల మంద చూసుకోవడానికి నువ్వు ఉదయగిరి వెళ్లిపోయాక, నెల్లూరి నుంచి బొమ్మలు గీసే ఏంజెలిన్‌ని తెచ్చి నీ కుర్చీలో కూర్చోబెట్టాను. ఏం చేయమంటావు? నువ్వు మాటలు రాస్తావు, నేను కోడ్ రాస్తాను, బొమ్మలు గీయడం ఇద్దరికీ రాదు. జనవరిలో హైదరాబాద్‌లో కొత్త వీడియో గేముల ప్రదర్శన ఉంది. దానికి మన ఆట తీసుకున్నారు. అక్కడ నచ్చితే మనకు ఇదే బతుకుతెరువు అవుతుంది. లేదంటే నేను కింద కొట్లో యూరియా బస్తాలు లెక్క చూసుకోవాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి. ఆటలో నువ్వు రాసిన విలన్, నీ కరువయ్య గురించి ఏంజెలిన్‌కి ఒక సందేహం వచ్చింది. కరువు ఏడాది పుట్టాడు, పుట్టుకతోనే ప్రాణం తీయాలనే దాహం ఉంది, పెద్దయ్యాక కొండ మీద గుహలో ఉంటూ ఊళ్ల మీద పడుతుంటాడు. అంతవరకు బాగానే ఉంది. కానీ అలా పుట్టడం వాడి చేతిలో లేనప్పుడు, చివర్లో వాణ్ణి చంపితే అది శిక్ష ఎలా అవుతుంది, వేట అవుతుంది గానీ అంటోంది. చిన్నప్పుడు వాడికి ఏదో అన్యాయం జరిగినట్టు, ఆ పగతో కావాలనే చెడ్డవాడైనట్టు మార్చుదాం అంటోంది. నాకూ సబబుగానే అనిపించింది.

కరువయ్య గొంతు నీదే కాబట్టి చివరి సన్నివేశం మాటలు నువ్వే వచ్చి రికార్డు చేయాలి. ఒక్క రోజు వచ్చిపో.

నీ
భరత్

*

ఉదయగిరి,
జూలై చివర

శ్రీ భరత్ గారికి,

నమస్కారాలు. తమరి ఉత్తరం అందింది. మా ఇంటికి కవరు రావడం చూసి మా అమ్మ కోర్టు నోటీసనుకుని కంగారుపడింది.

ఏంజెలిన్ పేరు లేని పేరా ఉందేమోనని వెతికాను. స్టాంపు గురించి రాసినదీ, చివర 'వచ్చిపో' అన్నదీ తప్ప దొరకలేదు. దాచుకోవడం ఎందుకు, నాకు కుళ్లుగా ఉంది. అన్నం తింటున్నా అదే, మంద వెనక నడుస్తున్నా అదే. నా కుర్చీకి ఎడమ చేతి వైపు చెక్క ఊడిపోయి ఉంటుంది, దాని మీద ఎలా ఆనుకోవాలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ అమ్మాయి ఎలా కూర్చుంటోంది? పడిపోలేదా? పడలేదని నువ్వు రాస్తే నాకు ఇంకా మండుతుంది, అందుకని రాయొద్దు.

కరువయ్య జోలికి మాత్రం రావద్దు. వాడికి అన్యాయం జరగలేదు, పగ లేదు, కారణం లేదు. వాడు అలా పుట్టాడు, అంతే. పుట్టుకతో వచ్చినదానికి వాడేం చేస్తాడు? తప్పు వాడిది కాదు. వాణ్ణి చంపుకుంటారో సాకుతారో మీ ఇద్దరి ఇష్టం, లేని కథ తెచ్చి అతికించకండి. ఆ అమ్మాయికి కథలు అంతగా పుట్టుకొస్తుంటే సొంత విలన్‌ని కనమను.

నాకూ ఇక్కడికి వచ్చిన కొత్తలోనే ఒక తోడు దొరికింది. కుక్కపిల్ల. బూడిదోడు అని పిలుస్తున్నాను. మావాళ్లు కాపలా కుక్కని కళ్లు తెరవకముందే తల్లి దగ్గర్నుంచి తెచ్చి, గొర్రె పాలు తాపి, గొర్రెపిల్లల మధ్యే పడుకోబెట్టి పెంచుతారు. అది తనూ గొర్రెనే అనుకుంటూ పెరుగుతుంది, మందని ప్రాణంలా కాస్తుంది. వీణ్ణి నా చేత్తోనే పెంచుతున్నాను. నా కుర్చీ ఇంకొకరికి ఇచ్చే రకం కాదు వీడు.

ఇట్లు,
పెంచలప్రసాద్

*

ఆత్మకూరు,
ఆగస్టు

ప్రసాదూ,

'గారు' అన్నావు చూడు, మా నాన్న కూడా నవ్వాడు. "ఏంరా, మీ ఇద్దరికీ ఏమన్నా పొలం గట్టు తగాదానా?" అని అడిగాడు. రామనారాయణ గారికి ఊళ్లో ప్రతి గొడవా గట్టు తగాదాలాగే కనిపిస్తుంది.

కరువయ్య మీద ఇక్కడ రోజూ వాదనే. నువ్వన్నట్టు తప్పు వాడిది కాదనుకుంటే, మరి ఆడేవాడు వాణ్ణి ఎందుకు ఎదిరించాలి? వాడు కొండ మీద నుంచి దిగివచ్చిన ప్రతిసారీ చచ్చిపోయేవాళ్ల సంగతేంటి? ఏంజెలిన్ అడిగేది అదే. ఆ అమ్మాయి నీ మాటలన్నీ చదివింది. "ఈయన రాసింది చదవతా ఉంటే కరువయ్య మీద కోపం రాదు, భయం వస్తుంది" అంది. అది పొగడ్తేరా.

ఒక చెడ్డ వార్త. తను రెండు నెలలు కష్టపడి గీసిన కొండ బొమ్మలన్నీ పోయాయి. మన ఆన్‌లైన్ ఫోల్డర్‌లో పొద్దున చూస్తే ఖాళీ. చెత్తబుట్టలోంచి కూడా ఎవరో తుడిచేసినట్టు పోయాయి. తన చెయ్యే ఎక్కడో తప్పు నొక్కిందని ఏంజెలిన్ ఒకటే ఏడుపు. ఇక నెల్లూరి నుంచి రానంది. నేను, మా అమ్మ సర్దిచెప్పి ఆపాం. మళ్లీ మొదటి నుంచి గీస్తోంది.

నువ్వు ఎలా ఉన్నావు? మీ నాయన కాలు కట్టు విప్పారా?

భరత్

*

వరికుంటపాడు దగ్గర, చేలల్లోంచి,
సెప్టెంబరు

భరత్,

నాయన కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. మంద వెంట మాత్రం నేనే. ఇప్పుడు వరికుంటపాడు వైపు రైతుల చేలల్లో మంద ఆపుతున్నాం. గొర్రెలు పడుకున్న చేను పెంటతో బాగుపడుతుందని మమ్మల్ని పిలుచుకుంటారు, మాకు తిండిగింజలు ఇస్తారు. గొర్రెలు ఈనే కాలం, పని ఎక్కువ.

బొమ్మలు పోయినందుకు విచారం. మళ్లీ గీయగలిగే మనిషే కదా, ఏడవడం దేనికి? నేను వచ్చేసినప్పుడు మీ ఇంట్లో ఎవరూ నాకు సర్దిచెప్పినట్టు గుర్తులేదు. మీ అమ్మ నాకు ఉగ్గాని పెట్టి బస్సు టైమవుతోందని చెప్పింది.

నువ్వు అడిగినదానికి జవాబు నా దగ్గర ఉంది. ఊళ్లో వాళ్లు చస్తున్నారు, నిజమే. వాళ్లకి పాపం, సరే. కానీ కరువయ్య లోపల ఏం జరుగుతుందో మీకెవరికీ తెలియదు. ఒకటి చూస్తాడు, ఒళ్లంతా మంటెక్కుతుంది, చెయ్యి తనంతట తనే లేస్తుంది. ఆ పని అయిపోయాక కాసేపు చల్లగా ఉంటుంది, తర్వాత మళ్లీ మొదలు. అందులో వాడు ఎంచుకునేది ఏముంది? నువ్వు మంచివాడివి కావడం నీ గొప్ప కాదు, నువ్వు అలా పుట్టావు. మేం కొందరం ఇలా పుట్టాం.

ఇక్కడ ఒక గొర్రెపిల్ల చనిపోయింది. నక్క పట్టుకుపోయిందని నాయనకి చెప్పాను.

ప్రసాద్

*

ఆత్మకూరు,
అక్టోబరు

ప్రసాదూ,

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. 'వాడు' అని మొదలుపెట్టి 'మేం' అన్నావు.

బొమ్మలు వచ్చాయి. ముందటివాటికన్నా బాగున్నాయి. కొండ మీద సాయంత్రం పూట పడే ఎర్రటి వెలుతురు అచ్చం ఉదయగిరి కోటవైపు ఉన్నట్టే ఉంది. నువ్వు ఎప్పుడో నాకు పంపిన పాత ఫొటోలు చూసి గీసింది.

ఏంజెలిన్ తన వాదన వదిలేసింది. నీ కరువయ్యని నీ ఇష్టప్రకారమే ఉంచుదాం అంటోంది, పుట్టుకతో అలాంటివాడుగానే. ఒక్క ప్రశ్న మాత్రం నిన్ను అడగమంది. కరువయ్యకి తనలో ఏముందో తెలుసా? కొండ దిగకముందే, దిగితే ఏం జరుగుతుందో వాడికి తెలుసా? దానికి నువ్వు చెప్పే జవాబును బట్టి చివరి సన్నివేశం రాస్తాం.

తొందరేం లేదు. ఆలోచించి రాయి.

భరత్

*

ఉదయగిరి,
నవంబరు

భరత్,

ఇది కొంచెం పెద్ద ఉత్తరం. కూర్చుని చదువు.

గొర్రెపిల్లని నక్క పట్టుకుపోలేదు. బూడిదోడు చంపాడు. తెల్లారి చూస్తే వాడి మూతికి నెత్తురు, పక్కన పిల్ల. వాడు తోక ఊపుతూ నా దగ్గరికి వచ్చాడు. మావాళ్లలో ఒక పట్టింపు ఉంది, మందలో నెత్తుటి రుచి మరిగిన కుక్కని ఒక్క పూట కూడా మందలో ఉంచరు. నాకు ఆ సంగతి చిన్నప్పటి నుంచి తెలుసు. కానీ నా చేత్తో పాలు తాపి పెంచినవాణ్ణి ఎలా వదులుకోను? మూతి కడిగాను. పిల్లని పాతిపెట్టాను. నక్క అని చెప్పాను.

మొన్న దీపావళి మర్నాడు ఇంకో రెండు పిల్లల్ని చంపాడు. కవల పిల్లలు. తల్లి గొర్రె పాలు నిండి అరుస్తూ తిరుగుతోంది. నాయన కర్ర ఊనుకుంటూ వచ్చి చూశాడు. గాయాలు చూడగానే ఆయనకి తెలిసిపోయింది. ముందటిది కూడా నక్క కాదని నా మొహం చూసి కనిపెట్టాడు.

నేను కర్ర తీసుకుని బూడిదోడి మీదికి పోయాను. నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"దాన్ని కొట్టబాకరా. దానికేం తెలుసు? దాని పుట్టుకే అంత."

"అయితే తప్పు దానిది కాదంటావా నాయనా?" అన్నాను.

"దానిది కాదు. మరి ఈ పిల్లలు మాత్రం ఏం చేసినాయి? మొదటి పిల్ల పోయినప్పుడే నీకు తెలుసు. తెలిసీ మందలో పండబెట్టినావు. తెలిసినోడిదే తప్పు."

అరవలేదు, తిట్టలేదు. కుక్క మెడకి గుదికర్ర కట్టాడు, అదే, పరిగెత్తితే కాళ్లకి తగిలే బరువైన కర్ర. ఇంటికి తోలుకుపోయి పెరట్లో కట్టేశాడు. అన్నం మాత్రం తనే పెడుతున్నాడు.

ఏంజెలిన్ ప్రశ్నకి జవాబు ఇది. కరువయ్యకి తెలుసు. వాడు కుక్క కాదు. దాహం వాడి తప్పు కాదు, దాన్ని వెంటబెట్టుకుని తెలిసి తెలిసి ఊళ్లోకి నడవడం వాడి తప్పు.

ఇప్పుడు రెండో సంగతి. ఆ బొమ్మలు తీసేసింది నేను. 'నువ్వు లేకపోయినా పని ఆగలేదు' అన్నట్టు నాకనిపించింది నీ మొదటి ఉత్తరం. నువ్వు ఆ మాట రాయలేదు, నేనే అలా చదువుకున్నాను. ఆదివారం ఇంటికి వచ్చి లాప్‌టాప్ తెరిచి ఆ కొండ చూశాను. బాగుంది. బాగుండడం వల్లే తీసేశాను. బాగాలేకపోతే వదిలేసేవాణ్ణి.

మళ్లీ గీసిందని నువ్వు రాసినప్పుడు మళ్లీ అదే మంట. ఈసారి బొమ్మలే కాదు, నీ కోడ్‌తో సహా ఆట మొత్తం తీసెయ్యాలని వేలు మీట మీద దాకా వెళ్లింది. అమ్మ టీ తెచ్చింది, ఆగాను. ప్రతిసారీ అమ్మ టీ తేదు.

పాస్‌వర్డ్ మార్చు. ఇంకెక్కడా కాపీ లేదని నాకు తెలుసు, నీకు ఆ బద్ధకం ఉంది. కొత్తది నాకు చెప్పొద్దు.

ప్రసాద్

*

ఆత్మకూరు,
నవంబరు

ఒరేయ్ ప్రసాదూ,

నువ్వని నాకు ఆ రోజే తెలుసు. ఏ కంప్యూటర్ నుంచి తీశారో ఆ ఫోల్డరే చూపిస్తుంది. నీ లాప్‌టాప్ పేరు చూసి మూసేశాను. ఎవరికీ చెప్పలేదు. నీకు కోపం తగ్గాక నువ్వే చెబుతావనుకున్నాను, చెప్పావు. నాకు అది చాలు.

పాస్‌వర్డ్ మార్చను. అది మనిద్దరం కలిసి పెట్టుకున్నది. నిన్ను బయట నిలబెట్టి తలుపు వేసుకునేంత పరాయివాణ్ణి కాదు నేను. నీ మీద నాకు నమ్మకం ఉంది. నువ్వు ఇంకెప్పుడూ అలాంటి పని చేయవు.

అదంతా మర్చిపో. రికార్డింగ్‌కి ఎప్పుడు వస్తావో రాయి.

నీ
భరత్

*

ఉదయగిరి,
నవంబరు ఆఖరు

భరత్,

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్లు మండింది. ఆట నీది, కొత్త మనిషి నీ పక్కన ఉంది, హైదరాబాద్ పిలుపు నీకు వచ్చింది. మంచివాడన్న పేరు కూడా నీకే కావాలా? క్షమించడంలో కూడా నువ్వే ముందా? నిజం చెబుతున్నాను, నీ మంచితనం చూసినా నాకు కుళ్లే పుడుతోంది.

తెలిసి మూసేశానని ఎంత తేలిగ్గా రాశావు. నేను కుక్క మూతి కడిగాను. నువ్వు నా మూతి కడిగావు. తేడా ఏముంది? ఆ అమ్మాయి తన చేతిదే తప్పనుకుని ఏడుస్తుంటే పక్కన కూర్చుని ఓదార్చావు కదరా. నిజం నీ జేబులో పెట్టుకుని ఎలా ఓదార్చావు? ఆ కవలపిల్లల్లాంటిదే తనూ, ఏ తప్పూ చేయలేదు.

నమ్మకం అంటున్నావు. నన్ను నేనే నమ్మనప్పుడు నీ నమ్మకం నాకెందుకు? నువ్వు నమ్మితే నాలో మంట ఆరిపోతుందా? నేను అడిగింది నమ్మకం కాదు, తాళం. ఇంత అడగడానికే నా అభిమానం చచ్చింది. ఆ మాత్రం చేయలేని స్నేహితుడివి నాకేం పనికొస్తావు?

ఏంజెలిన్‌కి నేనే రాస్తున్నాను. మీ కొట్టు అడ్రసుకే వస్తుంది, చింపకుండా ఆమె చేతికివ్వు.

ప్రసాద్

*

ఆత్మకూరు,
డిసెంబరు

ప్రసాద్,

పాస్‌వర్డ్ మార్చాను. రెండు చోట్ల కాపీలు కూడా పెట్టాను. మార్చేటప్పుడు ఏడుపొచ్చింది. ఈ విషయం ఎవరికీ చెప్పకు.

ఏంజెలిన్ నీ ఉత్తరం మా కొట్లో బస్తాల మీద కూర్చుని చదివింది. సాయంత్రం నెల్లూరు బస్సుకి వెళ్లబోతూ నన్నే నిలదీసింది. "ఆయన చేసింది చేసినాడు, చెప్పినాడు. మీకు తెలిసి కూడా నన్నెందుకు ఏడవనిచ్చినారు? అప్పట్నుంచి మౌస్ నొక్కేముందు ప్రతిసారీ రెండుసార్లు చూసుకుంటా ఉండా." తనకి నీ మీద ఉన్న కోపం కన్నా నా మీద కోపం ఎక్కువ. రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చి, చివరి సన్నివేశానికి బొమ్మలు వేసింది.

నువ్వు ఇచ్చిన జవాబును బట్టే మార్చాం. చివర్లో కరువయ్యని ఎవరూ చంపరు. వాడే ఊరి పొలిమేర దాకా వచ్చి, తన గుహకి బయటి నుంచి గొళ్లెం పెట్టమని అడుగుతాడు. ఆడేవాడు పెట్టవచ్చు, పెట్టకుండా జాలిపడి వదిలేయవచ్చు. జాలిపడితే మర్నాడు ఊరు ఉండదు. ఆ బొమ్మ చూశావంటే నోట మాట రాదు. ఇంత బాగా వేస్తుందని నేనూ అనుకోలేదు.

వస్తావా?

భరత్

*

ఉదయగిరి,
డిసెంబరు

ఒరేయ్ భరత్,

శుక్రవారం మొదటి బస్సుకి వస్తున్నాను. నాయన మందని చూసుకుంటానన్నాడు. గొంతు బాగానే ఉంది, ఇన్ని నెలలుగా గొర్రెల్ని అదిలించి ఇంకా గట్టిపడింది.

ఏంజెలిన్ నాకు రెండు వాక్యాల జవాబు రాసింది. క్షమించానని రాయలేదు. కరువయ్య గుహలో ఏ రంగు ఉండాలని అడిగింది. నాకు అదే నయమనిపించింది.

నీకు ఒక సంగతి చెప్పకుండా రాకూడదు. నీ ఉత్తరం చదివాను, 'ఇంత బాగా వేస్తుందని నేనూ అనుకోలేదు' అన్న మాట దగ్గర ఆగాను. మూడేళ్లలో నా మాటల గురించి నువ్వు అలా ఎప్పుడూ అనలేదు. ఉత్తరం పక్కన పెట్టి లాప్‌టాప్ తీశాను. నువ్వు నిజంగా మార్చావో లేదో చూద్దామని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. పాత పాస్‌వర్డ్ కొట్టాను. తెరుచుకోలేదు. తప్పు కొట్టానేమోనని ఒక్కొక్క అక్షరం చూసుకుని మళ్లీ కొట్టాను. తెరుచుకోలేదు. నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మ వంటింట్లోంచి "ఎవర్నిరా?" అని అడిగింది.

తెరుచుకుని ఉంటే, కాపీలున్నాయని తెలిసి కూడా ఆట మొత్తం తీసేసేవాణ్ణి. తాళం వేయమని నేనే అడిగాను కాబట్టి మారిపోయానని అనుకోకు. అడిగాను, అంతే. ఆ మంట ఇంకా లోపలే ఉంది. కాసేపటికి తల దిమ్ము దిగి, చాలా రోజుల తర్వాత ఆకలేసింది. అన్నం తిని పడుకున్నాను.

శుక్రవారం రికార్డింగ్ మొదలుపెట్టాక నన్ను ఆ కంప్యూటర్ దగ్గర ఒక్కణ్ణే వదిలి, టీకి కూడా కిందికి దిగొద్దు.

నీ
ప్రసాద్